ముళ్ల డ్రమ్ము మీది బరువు

ఇబ్రహీంపట్నంలో నేను పనిచేసే ఫంక్షన్ గార్డెన్‌లో పెళ్లిళ్ల కాలం అయ్యేసరికి గడ్డి కింద నేల బండలా గట్టిపడుతుంది. కుర్చీలు, వంటపాత్రలు, వచ్చేపోయే వాళ్ల కాళ్లు. నీళ్లు పెడితే పైపైనే పారిపోతాయి. అందుకని చిన్న ట్రాక్టర్ వెనక తగిలించి లాగే యంత్రం ఒకటి తెప్పించారు. ఇనుప డ్రమ్ము, దాని చుట్టూ ముళ్లలా పొడుచుకొచ్చిన బోలు పండ్లు. అవి నేలలో దిగి మట్టి ముక్కల్ని పైకి తీస్తాయి. ఆ రంధ్రాల్లోంచి వేళ్లకు గాలీ నీరూ అందుతాయి. డ్రమ్ము పైన బరువు పెట్టడానికి రేకు తట్ట ఉంటుంది.

మొదటి రోజు పండ్లు సరిగా దిగలేదు. ట్రాక్టర్ నడిపేది నాకన్నా చిన్నవాడు, మా పక్క ఊరివాడే. నేను వెనక నడుస్తున్నాను. చిన్నప్పుడు మా బాపు దుక్కిలో గుంటుక తోలుతూ, అది మన్నులోకి దిగాలని నన్ను దాని మీద నిలబెట్టేవాడు. ఎద్దులు నడుస్తుంటే నాకది ఉయ్యాల. ఆ అలవాటుతోనే కుచ్చిళ్లు ఎగదోపి, కదులుతున్న యంత్రం తట్ట మీద ఒక కాలు పెట్టాను.

అప్పుడే అతను వెనక్కి తిరిగి చూశాడు.

"అక్కా! కాలు దియ్!"

ఆ అరుపుకు కాలు తీసి, పడబోయి నిలదొక్కుకున్నాను. అతను ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని దిగాడు.

"ఏంది తమ్మీ, గట్ల ఒర్లుతవ్? గుంటుక మీద నిలబడి పెరిగినదాన్ని నేను."

"గుంటుకకు ఎద్దులుంటయక్కా, ఆగుమంటే ఆగుతయ్. గిది ఇంటదా? నీ చీర గుంజుకుంటే కాలు కూడ పోతది. నేను ఎన్కకు తిరిగి చూసేదాకా నాకు ఎర్కనే ఉండది."

కిందికి చూశాను. చీర అంచు పండ్లకు జానెడు దూరంలో ఉంది. అక్కడే గడ్డి మీద కూలబడ్డాను.

తన సీసాలో నీళ్లు తాగించి, నేను కుదుటపడ్డాక ఇటుకలు తెచ్చి తట్టలో పేర్చి తాడుతో కట్టాడు. నేల ఎండి ఉంటే బరువొక్కటే చాలదని చెప్పి, ఆ సాయంత్రం నాతో నీళ్లు పెట్టించాడు. తెల్లారి పండ్లు మెత్తగా దిగాయి. గడ్డిలో నీళ్లు చిమ్మే పైపు మూతలున్న చోటల్లా నేను ముందే పుల్లలు గుచ్చాను, వాటిని తప్పించి నడిపాడు. మలుపు వస్తే డ్రమ్ము పైకి లేపేవాడు. పండ్లలో మట్టి ఇరుక్కుంటే ఇంజిన్ బంద్ చేశాకే నా చేతికి కట్టెపుల్ల ఇచ్చేవాడు.

మేనేజర్ వచ్చి గడ్డి నిండా పడ్డ మట్టి ముక్కల్ని చూశాడు.

"ఏందిది? మేకల మంద దిగిందా?"

"ఊడ్వద్దు సారూ, ఎండి పొడై గా మన్నుల్నే కలుస్తది" అన్నాడు ట్రాక్టర్ తమ్ముడు. నేను కాలు పెట్టిన సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

మా కోడలి దగ్గర నేను అక్షరాలు నేర్చుకుంటున్న రోజులవి. తెల్లరంగు తీసుకుని ఆ తట్ట మీద 'ఎక్కొద్దు' అని రాశాను. పలక మీద కాకుండా నేను రాసిన మొదటి మాట అదే.

"గింత పెద్దగ రాసినవేందక్కా? ఆడ తుక్కుగూడ ఊరి దాంక కనబడుతది!"

"కనబడాల్ననే రాసిన. రేపు నా అసొంటిది ఇంకొకతె వస్తది గదా."

రంగు వెలిసినప్పుడల్లా మళ్లీ దిద్దుతున్నాను. వాన పడ్డాక ఆ గడ్డి మీద చెప్పులు విప్పి నడిస్తే రెండు పాదాలకూ చల్లగా తగులుతుంది. అతని అరుపు గుర్తొస్తుంది.