రాలిన పండు ముట్టని తోపు

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో మేముండే వీధి చివర, పొద్దున్నే ఊడ్చేవాళ్లు మామిడాకులు కుప్పపోసి అంటిస్తారు. ఆ పొగ వాసన వంటింటి కిటికీలోంచి రాగానే నా చేతిలో కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోతుంది. అరవై దాటినదాన్ని, మనవరాలున్నదాన్ని, పట్టపగలు సొంత వంటింట్లో నిలబడి ఆకుల పొగకు భయపడతాను. ఈ భయం నాకు అరికాళ్లలో మొదలవుతుంది. కాలు ఎత్తితే ఏమవుతుందో అనిపిస్తుంది. కొందరు తాతలు మనవలకు పొలమిస్తారు, నగలిస్తారు. మా తాత నాకు ఇది ఇచ్చిపోయాడు. అయినా ఆయనంత ప్రేమగా నన్ను చూసుకున్నవాళ్లు ఇంకొకరు లేరు.

పెరియకుళం దగ్గర, కొడైకెనాల్ కొండ నీడ సాయంత్రం ముందుగానే వచ్చి పడే చోట, మాకు మామిడి తోపు ఉండేది. మా పెద్దలు ఎన్ని తరాల కిందట తెలుగు దేశం విడిచి వచ్చారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు గానీ, గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాళ్లం. తాత మీసాలు మొలిచే వయసులో పటాలంలో చేరి, తెల్లవాళ్ల పెద్ద యుద్ధానికి ఓడెక్కి ఇటలీ దాకా పోయినవాడు. అక్కడ శత్రువులు నేలలో పాతిన మందుపాతరలను వెతికి, వేళ్లతో మట్టి తోడి, పేలకుండా బయటికి తీయడం ఆయన పని. ఆయనకు వచ్చిన పతకాలను మా అవ్వ ఖాళీ ఇంగువ డబ్బాలో వేసి అటక మీద పెట్టింది. ఎప్పుడైనా దించి చూస్తే యుద్ధమంతా ఇంగువ వాసన కొట్టేది.

ఎండాకాలం సెలవులకు పిల్లలందరం తోపులోనే ఉండేవాళ్లం. పచ్చి కల్లామై మామిడికాయలను రాతి మీద చితక్కొట్టి ఉప్పూ కారం అద్దుకుని పళ్లు పులిసేదాకా తినడం, మధ్యాహ్నం అవ్వ చేసే వేడివేడి సంగటిలో మామిడికాయ పులుసు గుంట చేసి పోసుకోవడం, పండ్లు మగ్గబెట్టిన గడ్డి వాసన వేసే గదిలో చాప పరుచుకుని పొర్లడం, నేల మీద గళ్లు గీసి ఒంటికాలితో పాండి ఆడటం, ఇవన్నీ అందరు పిల్లల్లాగే మాకూ ఉండేవి. ఇతరులకు లేనిది ఒకటి మాకు ఉండేది. తోపులో నడవాలంటే ముందు తాత నడవాలి, ఆయన అడుగు పడినచోటే మా అడుగు పడాలి. పొడుగాటి మనిషి, మా కోసం చిన్న చిన్న అడుగులు వేస్తూ, చేతికర్రతో ఎండుటాకులు పక్కకు తోస్తూ పోయేవాడు. వెనక మేము కోడిపిల్లల్లా వరసకట్టి, నవ్వు ఆపుకుంటూ నడిచేవాళ్లం. చూసినవాళ్లు ఆటనుకునేవారు. ఒక్కసారి తాత వెనక్కి తిరిగితే ఆ కళ్లలో ఆట ఉండేది కాదు.

రాలిన పండును పిల్లలు ముట్టకూడదన్నది రెండో నియమం. కోసినవి ఎన్నైనా తినొచ్చు. నేల మీద పడింది బంగారమైనా సరే, తోపు కావలి కాసే మారి అనే అతను వచ్చి ఏరాలి, లేదా కుళ్లిపోవాలి. ఎందుకని ఒకరోజు అవ్వను అడిగాను. అవ్వ తిరగలి తిప్పడం ఆపి గొంతు తగ్గించింది.

"మదురై పక్కనుంచి రంగడని ఒకడు, మన మాటలే మాట్లాడేవాడు, పటాలంలో మీ తాతతో కూడా ఉండె. ఆ ఇటలీ ఊర్లో ఏదో పండ్ల తోపంట. పండు రాలింది చూసి, ఎత్తుకుందామని పోయినాడు. మీ తాత చూస్తానే ఉండె. ఇంకేం అడగొద్దు, గొమ్మునుండు."

తర్వాత నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు.

అయినా పిల్లబుద్ధి ఎక్కడికి పోతుంది? ఎండాకాలం చివర, వైకాశి నెలలో ఒక మధ్యాహ్నం కొండ మీదినుంచి గాలి లేచి, తోపంతా టపటపా పండ్లు రాలుతున్నాయి. తాత నులకమంచం మీద కునుకు తీస్తున్నాడు. కాలువ గట్టుకు అవతల, ఎవరూ ఊడ్వని ఆకుల మధ్య, బుగ్గ మీద ఎరుపు తిరిగిన కాసా మామిడిపండొకటి పడి ఉంది. గట్టు దాటాను. ఆకులు మోకాలి కింది దాకా కరకరలాడుతున్నాయి. వంగి చెయ్యి చాచాను.

"అసయ్యాదే!"

కదలొద్దని తమిళంలో తాత పెట్టిన కేక అది. పటాలంలో పెట్టే గొంతు. మా ఇంట్లో ఎన్నడూ విననిది. చాచిన చెయ్యి చాచినట్టే కొయ్యనైపోయాను. తల మాత్రం తిప్పి చూశాను. తాత గట్టు దగ్గర బోర్లా పడుకుని ఉన్నాడు. మొలలోని గడ్డి కత్తి తీసి, ఇడ్లీ ఉడికిందా అని అవ్వ పుల్ల గుచ్చినంత మెల్లగా, ఏటవాలుగా మట్టిలోకి దించుతున్నాడు. ఆగి వింటున్నాడు. మళ్లీ కాస్త పక్కన దించుతున్నాడు. మోచేతులతో ఇంత ముందుకు జరుగుతున్నాడు.

"నేను బోయి పాపను ఎత్తుకొస్తానమ్మా," అని మారి ఉరకబోయాడు. అవ్వ అతని భుజం పట్టి ఆపింది.

"వద్దు మారీ. ఆ మనిషి కండ్ల ముందర నువ్వు ఆడ కాలు పెడితే, ఆయన గుండె నిలిచిపోతుంది. రానీ. ఆయనే రావల్ల."

నా కాళ్ల కింద ఏమీ లేదని నాకు తెలుసు. ముందు వారమే మారి అక్కడ నీళ్లు కట్టాడు. కానీ తాత ముఖం చూస్తుంటే, తెలిసినదంతా ఎటు పోయిందో పోయింది; కింద మందుపాతర ఉందనే నమ్మాను. ఎర్ర చీమలు పిక్కల మీదికి పాకి కుడుతున్నా కాలు విదిలించలేదు. ఏడుపు వస్తే ఒళ్లు కదులుతుందని ఏడవలేదు. పావడా తడిసిపోయింది. చచ్చిపోతానని అంత కచ్చితంగా నేను మళ్లీ ఎప్పుడూ అనుకోలేదు.

"నన్నే చూడు. కిందికి చూడొద్దు. వస్తా ఉండాను," అంటూనే ఉన్నాడు తాత.

దగ్గరికి వచ్చాక నా మడమ చుట్టూ వేళ్లతో మట్టి తీశాడు. ఆ వేళ్లు వణకలేదు. గడ్డం మాత్రం వణికింది. ఒక పాదం, తర్వాత రెండోది, తన అరచేతిలోకి ఎత్తుకున్నాడు.

"రంగా, పండు వద్దురా. ఈసారి వచ్చేసినా," అన్నాడు.

నన్ను భుజాన వేసుకుని, తాను పాకివచ్చిన గాడిలోనే వెనక్కి నడిచి గట్టు ఎక్కాడు. అవ్వ చేతికి నన్నిచ్చి అక్కడే కూలబడ్డాడు. సాయంత్రం లేచాక నా పిక్కలు చూసి, "అయ్యో కన్నూ, ఇన్ని చీమలు కుట్టేదాకా యాడ నిలబడితివి?" అని అడిగి, సున్నం రాస్తూ కూర్చున్నాడు. ఆయనకు ఏదీ గుర్తులేదు. మధ్యాహ్నం పడ్డ భయం కంటే అదే నాకు పెద్ద భయమైంది. ఆ పండు అక్కడే కుళ్లిపోయింది.

తాత ఇంకా చాలా ఏళ్లు బతికాడు, నిద్రలోనే పోయాడు. ఆయన పోయాక కూడా మేమెవ్వరం రాలిన పండు ముట్టలేదు.

పోయిన నెల మా తమ్ముడు తోపు అమ్మేశాడని తెలిసి, మనవరాల్ని తీసుకుని చూడటానికి పోయాను. చెట్లు లేవు. ఎర్రమట్టి రోడ్డు, సున్నం కొట్టిన హద్దురాళ్లు, రంగు జెండాలు. కాలువ పూడ్చేశారు. ఒక మూలన మాత్రం ఒక్క చెట్టు మిగిలింది, కింద చెదరని ఎండుటాకులు. నేను చూసేలోపే పిల్ల అటు ఉరికింది. ఆకుల మధ్య పండు ఉంది. వంగి చెయ్యి చాచింది.

"అసయ్యాదే!"

ఆ గొంతు నాదని తెలియడానికి నాకే కొంతసేపు పట్టింది. పిల్ల చెయ్యి చాచినట్టే నిలిచిపోయింది. దాని కళ్లలో భయం చూశాను. ఎవరి భయమో గుర్తుపట్టాను.

"అవ్వా, ఏమాయె? ఏముంది ఈడ?" అంది, పెదవి మాత్రం కదిపి.

ఆకుల అంచున ఆగాను. చేతిలో కర్ర లేదు, ముందు తాత లేడు. అరికాళ్లు మంచులా చల్లబడ్డాయి. అయినా కాలు పెట్టాను. ఆకులు కరకరలాడాయి. ఇంకో అడుగు వేశాను. అలాగే పిల్ల దాకా పోయి, వంగి, నా చేత్తోనే ఆ పండు ఎత్తాను.

"ఏమీ లేదు కన్నూ. తిను," అన్నాను.

అది కొరికి, నాకూ ఒక ముక్క ఇచ్చింది. మా తోపులో రాలిన పండు రుచి నాకు తెలిసింది, తోపు పోయిన తర్వాతే.