గోడ మీది ఉగ్గాని

మాది ఎమ్మిగనూరు. పక్కింట్లోనే ఉండే మా తోడికోడలితో మురుగుకాలువ గొడవై రెండేళ్లుగా మాటల్లేవు. మొన్న ఎండాకాలం మా పాపకు రెండోసారి మెనింజైటిస్ వచ్చింది. ఒంటిమీద ఎర్రమచ్చలతో, తెలివి తప్పి ఉన్న పిల్లను ఆదోని ఆసుపత్రిలో చేర్చాం.

డాక్టరు బయటికొచ్చి, "ఇది అంటుకునే రకం. పాపతో ఒకే ప్లేట్లో తిన్నవాళ్లంతా ఈ మాత్రలు మింగాలి. మూత్రం, కన్నీళ్లు నారింజ రంగులో వస్తాయి, భయపడొద్దు" అన్నాడు.

మేమంతా చేతులు చాపాం. వెనకనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. చూస్తే మా తోడికోడలు.

"నీకెందుకు వదినా?" అన్నాడు మా ఆయన.

"దినామూ పొద్దున్నే గోడ మీంద నుంచి పాపకు బొరుగుల ఉగ్గాని పెడ్తాంటినప్పా, నా ప్లేట్లోనే" అంది నేల చూస్తూ.

నేను పొద్దున ఏది పెట్టినా పాప మూతి ఎందుకు తిప్పేదో అప్పుడర్థమైంది. అంత ఏడుపులోనూ నాకు ఒళ్లు మండింది.

మరుసటి రోజు "నేనేం ఏడ్సలేదు" అని ఆమె బుకాయించింది గానీ, కొంగు నిండా నారింజ మరకలే.

పాప బతికింది. ఈ క్రిమిని ఎదిరించే శక్తి పాప రక్తంలో పుట్టుకతోనే తక్కువని పరీక్షల్లో తేలింది, టీకాలు వేయిస్తున్నాం. ఒక చెవి మాత్రం వినబడదు. అందుకే మునుపు గుసగుసగా పిలిచే పెద్దమ్మ ఇప్పుడు "ఉగ్గాని తిందువు రా పాపా" అని వీధంతా వినబడేలా అరుస్తుంది.

నా చెవులు రెండూ బాగానే ఉన్నాయి. నేనూ ప్లేటు పట్టుకుని గోడ దగ్గరికి పోతాను.