మాస్టారి మోకాలు

వైండింగ్ మేస్త్రి సంగతి చెప్పాలంటే ముందు ఆయన చేతుల సంగతి చెప్పాలి. కాలిపోయిన మోటారు తెచ్చి బల్ల మీద పెడితే, మాడిన రాగితీగ పీకేసి కొత్త తీగ ఒక్క చుట్టు తేడా రాకుండా చుట్టేవాడు. మధ్యలో ఎవరు పలకరించినా "ఊ" అనేవాడే గానీ లెక్క వదిలేవాడు కాదు. అవే చేతులు తంతి కొట్టే మోర్స్ కీ మీద పెడితే చుక్కలూ గీతలూ గలగలా వచ్చేవి. సరదాకి సొంత రేడియోలతో మాట్లాడుకునే ఆ ఊరి హ్యామ్ రేడియో క్లబ్బులో అంత చురుకైన చెయ్యి ఇంకొకరికి లేదు. ఏం లాభం? లైసెన్సు లేదు! కీ పరీక్షలో నూటికి నూరు, నిబంధనల పరీక్షలో రెండుసార్లు బోర్లా.

లైసెన్సు లేనివాడు వినొచ్చు గానీ పంపకూడదు. లైసెన్సుతో పాటు ప్రభుత్వం ఒక్కొక్కరికీ కొన్ని అక్షరాల గుర్తు ఇస్తుంది. గాలిలో ఆ గుర్తే మనిషి పేరు.

మేస్త్రికి ఆ విద్య నేర్పింది తంతి మాస్టారు, టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. "గీతని అంతలా సాగదీయకయ్యా, చుట్టడానికి అదేమన్నా నీ రాగితీగా?" అని ఇరవయ్యేళ్లు మొత్తుకున్నారు. మేస్త్రికి ఆ అలవాటు పోలేదు. మాస్టారు ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, ఒకప్పుడు ఓడల్లో రేడియో నడిపిన ఒక పెద్దాయనతో రేడియోలో మోర్స్ కొడుతూ కబుర్లాడేవారు. ముప్ఫయ్యేళ్ల స్నేహం, ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. "మోకాలు ఎలా ఉంది?" అని ఓడ పెద్దాయన మొదలుపెట్టేవాడు. "నాకంటే హుషారుగా ఉంది" అని ఈయన కొట్టేవారు. మేస్త్రి పక్కనే స్టూలు మీద కూర్చుని వినేవాడు.

మాస్టారు పోయారు. రెండు వారాలయ్యాక ఆయన భార్య మేస్త్రిని పిలిపించింది.

"బాబూ, ఆ ఓడ ఆయనకి కబురు చెప్పెయ్. పాపం, ఎదురుచూస్తుంటాడు. ఆ తర్వాత డాబా మీది ఏరియల్ తీగ దించేసి, ఈ రేడియో పట్టుకెళ్లి క్లబ్బుకిచ్చెయ్."

క్లబ్బు సెక్రటరీని పిలిస్తే రెండు నిమిషాల పని. మందుల షాపాయన, లైసెన్సు ఉన్నవాడు. మేస్త్రి పిలవలేదు. ఆదివారం తొమ్మిదింటికి మాస్టారి కుర్చీలో కూర్చున్నాడు. అవతల నుంచి మాస్టారి గుర్తుకి పిలుపు వస్తూనే ఉంది. తనకంటూ గుర్తు లేదు గదా, మాస్టారి గుర్తుతోనే బదులిచ్చాడు. చావు కబురు చెప్పడానికే సుమండీ! కానీ అవతల పెద్దాయన "అమ్మయ్య, వచ్చావా! మోకాలు ఎలా ఉంది?" అనేసరికి చెయ్యి దానంతటదే "హుషారుగా ఉంది" అని కొట్టేసింది.

"చెప్పావా బాబూ?" అంది ఆవిడ టీ కప్పు అందిస్తూ.

"చెప్పానమ్మా."

"ఏమన్నాడు?"

"చాలా బాధపడ్డారమ్మా."

అలా మొదలైంది. తీగ దించలేదు. "రేడియోలో చిన్న రిపేరుంది" అంటూ ప్రతి ఆదివారం వచ్చి కూర్చునేవాడు. ఇరవయ్యేళ్లు విన్నవాడికి ఒకరు బదులు పలికితే ఆ రుచి వేరు. ఆ గదిలో అలికిడి ఉంటే ఇల్లు నిండుగా ఉంటోందని ఆవిడ సంబరపడేది. ఆ మాట విన్నప్పుడల్లా మేస్త్రికి తల కొట్టేసినట్టయ్యేది. వచ్చే వారం నిజం చెప్పేద్దామనుకునేవాడు. ఆ వచ్చే వారం మోకాలు కాస్త నొప్పిగా ఉందని కూడా చెప్పాడు, సిగ్గులేని మనిషి!

మూడోసారి పరీక్షకు కూర్చున్నాడు. లైసెన్సుదారు చనిపోతే ఆ గుర్తును ఇంకొకరు వాడవచ్చా అని ప్రశ్న. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. వాడరాదు అని రాశాడు. ప్యాసయ్యాడు.

ఇంటికి వచ్చిన కాగితం మీద సొంత గుర్తు చూసుకుని పెళ్లాం ముందు ఏడ్చాడు. ఆనందమనుకుంది ఆ పిచ్చి ఇల్లాలు. ఆ నెలంతా మాస్టారి ఇంటివైపు వెళ్లలేదు.

క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా లైసెన్సు వచ్చినవాడు మొదటి పిలుపు అందరి ముందూ పంపాలి, స్పీకరు పెట్టి అందరూ వినాలి. "తొమ్మిదింటికి వద్దు, పదకొండింటికి పెట్టండి" అని మేస్త్రి బతిమాలాడు. సైకిల్ షాపు పైనున్న ఆ గదిలో ఆదివారం పన్నెండు మంది సర్దుకుని కూర్చున్నారు. మాస్టారి భార్యను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు.

"మేస్త్రి నిజాయితీ మనకి ఆదర్శం. ఇరవయ్యేళ్లు రూలు దాటలేదు" అన్నాడు సెక్రటరీ. అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా కీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

సొంత గుర్తుతో పిలిచాడు. రెండోసారి పిలవకముందే బదులొచ్చింది. ఆ చెయ్యి ఎవరిదో వినగానే మేస్త్రికి తెలిసిపోయింది. పెద్దాయన తొమ్మిదింటికి కూర్చున్నవాడు ఇంకా లేవలేదన్నమాట!

స్పీకరులో చుక్కలూ గీతలూ మోగుతుంటే, మోర్స్ రాని ఆవిడ కోసం సెక్రటరీ పైకి చదివాడు. "కొత్త గుర్తుకి అభినందనలు... మోకాలు ఎలా ఉంది?... అదేంటి మేస్త్రీ, మీ మోకాలికేమైంది?"

"అది మా ఆయన మోకాలు" అంది ఆవిడ. "ఆయన పోయారని ఈయనకి చెప్పానన్నావుగా బాబూ?"

మేస్త్రి చెయ్యి కీ మీదికి వెళ్లింది. చేతికి తెలిసిన భాష ఒక్కటే, దాంతోనే కొట్టాడు. "మాస్టారు పోయి ఏడు నెలలైంది. ఆ కుర్చీలో కూర్చున్నది నేను. క్షమించండి." గదిలో అందరికీ అర్థమైంది, ఒక్క ఆవిడకి తప్ప. సెక్రటరీ చదవలేక ఆగిపోయాడు. మేస్త్రే ఆవిడ వైపు తిరిగి ఒక్కొక్క మాటా నోటితో చెప్పాడు.

అవతల నుంచి బదులొచ్చింది. అదీ మేస్త్రే చదివి వినిపించాల్సి వచ్చింది.

"మొదటి ఆదివారమే తెలుసు. ఆయన గీతని అలా సాగదీయడు. నువ్వే చెబుతావని ప్రతి వారం మోకాలి సంగతి అడుగుతూ వచ్చాను."

ఆవిడ కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెనక్కి తిరిగింది.

"వచ్చే ఆదివారం వచ్చి ఆ తీగ దించేసి వెళ్లండి, మేస్త్రిగారూ" అంది.