నూట పన్నెండో పేజీలోని కోడలు

గ్రంథాలయం వెనకగదిలో పుస్తకాలు బైండు చేసే ఆవిడను అందరూ జిగురక్క అనేవారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో చిరిగినవాటిని కుట్టి అతికించడమే తప్ప, ఏ పుస్తకం మీదా ఆమె నోరు విప్పగా విన్నవారు లేరు. అలాంటి మనిషి ఆ ఆదివారం చదువరుల బృందంలో లేచి, స్కిజోఫ్రేనియా మీద అరవై ఏళ్లనాటి వైద్యగ్రంథాన్ని వచ్చే నెలకు ప్రతిపాదించింది.

"అక్కా, నాకు తలనొప్పి మాత్ర పేరే నోరు తిరగదు. ఇది చదివిస్తే నన్నే తీసుకెళ్లి ఆ వార్డులో పడేస్తారు," అన్నాడు దర్జీ.

"చదవనివ్వవయ్యా. అది చదవకుండా మాలో ఎవరూ డాక్టరు కాలేదు," అన్నాడు పెద్ద డాక్టరు. మానసిక చికిత్సాలయంలో పదవీ విరమణ చేసి బృందానికి పెద్దదిక్కైన ఆయనకు ఆ గ్రంథం కొట్టినపిండి.

బృందానికి ఒకే నియమం. ప్రతిపాదించినవారు పుస్తకంలోంచి ఒక పేజీ చదవాలి. ముగిసేదాకా ఎవరూ అడ్డు రాకూడదు. జిగురక్క వచ్చింది ఆ నియమం కోసమే.

ఆమె తమ్ముడు పంతొమ్మిదో ఏట ఆ చికిత్సాలయంలో అడుగుపెట్టి పదకొండేళ్లయింది. జబ్బు లేదని ఆమె ఎన్నడూ వాదించలేదు. ఇంటికి పంపమని మాత్రమే అడిగింది. ఎవరిని పంపాలో తేల్చే సమీక్షా మండలి ప్రతిసారీ ఒకే కారణం చూపింది: ఇతనివల్ల భార్యకు ప్రాణభయం. తమ్ముడికి పెళ్లే కాలేదు. అయినా డాక్టరు సంతకం చేసిన ధ్రువపత్రంలో భార్య ఉంది. ఆ కాగితాన్ని పదిసార్లు చదివిన మండలి, లోపలున్న మనిషిని ఒక్కసారైనా పిలిచి అడగలేదు. "మనకు చెప్పకుండా చేసుకున్నాడేమోనే. ఆ పిల్ల ఎక్కడ ఏడుస్తోందో," అంటూ తల్లి కన్నుమూసేదాకా ఆ కోడలి కోసం వెతికింది.

కిందటి నెల ఈ గ్రంథం అట్ట ఊడి జిగురక్క బల్ల మీదికొచ్చింది. కుట్టేముందు పేజీల వరస సరిచూస్తుంటే, నూట పన్నెండో పేజీలో కోడలు కనబడింది. మంగళవారం మండలి మళ్లీ కూర్చుంటుంది.

ఆమె చదివింది. "రోగి మితభాషి. గ్లాసును మూడుసార్లు కడిగితేగాని నీళ్లు తాగడు. భార్య కిటికీలోంచి పొరుగువారికి సైగలు చేస్తోందనీ, తన భోజనంలో సీసపు పొడి కలుపుతోందనీ నమ్ముతాడు. ఒకసారి కత్తెరతో ఆమె మీదికి వెళ్లాడు."

పేజీ ముగిసింది. సంచిలోంచి తమ్ముడి ధ్రువపత్రం నకలు తీసి అదే గొంతుతో చదివింది. గ్లాసు, సైగలు, సీసపు పొడి, కత్తెర. కామా కూడా తప్పలేదు. సంతకం ఎవరిదో పైకి చదవకుండా కాగితాన్ని డాక్టరు ముందు పెట్టింది.

"రోజుకు నలభైమంది వచ్చేవారమ్మా," అన్నాడాయన. "లక్షణాలు అటూ ఇటుగా అందరివీ ఒకటే."

"భార్య కూడానా సార్?"

ఆయన కాగితాన్ని ఆమెవైపు తిరిగి జరిపాడు.

"మావాణ్ణి చూడలేదని రాసివ్వండి. చాలు."

ఆయన కలం తీసి పొందికగా రాశాడు: 'ఈ రోగిని పరీక్షించినదీ లేనిదీ ఇప్పుడు జ్ఞాపకం లేదు.' ఆయనను ఏ తప్పుకూ చిక్కనివ్వని వాక్యం అది. తమ్ముడిని ఏ తలుపూ దాటించని వాక్యం కూడా.

జిగురక్క అప్పుడు, తాను చదివిందీ డాక్టరు అన్నదీ విన్నది విన్నట్టు మరో కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులు కావాలంది. దర్జీ వెంటనే సంతకం పెట్టాడు.

"మా పిల్లాణ్ణి ఇప్పటికీ ఇంటి దగ్గర సారే చూస్తారక్కా," అంది బడిపంతులమ్మ నేలచూపులు చూస్తూ. మిగిలినవారు ఆ పాటి కారణమైనా చెప్పలేదు. తరవాత పుస్తకం మీద ఓటు జరిగింది. డాక్టరుతో సహా అందరూ చెయ్యెత్తారు.

మంగళవారం మండలి, ఒక్క సాక్షి చాలదంటూ విచారణను ఏడాదికి వాయిదా వేసింది.

తమ్ముడు వార్డు కటకటాల దగ్గర ఎదురుచూస్తున్నాడు.

"ఏమన్నారక్కా?"

"వచ్చే ఏడు చూద్దామన్నార్రా."

అతను తలూపాడు. కటకటాల ఇనుమును గోటితో కాసేపు గీకాడు.

"మా ఆవిడ ఒప్పుకోలేదా?" అని అడిగాడు.