మాల తీసి జల్లెడ పట్టిన అన్న

మా పక్క ఖోలీ గదిలో ఉండే అన్న పోయాడన్న కబురు నాకు గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్ల మీద తెలిసింది. ఏకాదశి భజనకు దాదర్‌లో పూలు కొనుక్కుని వస్తున్నాను. నిద్రలోనే గుండె ఆగిందని మా చాల్ గదుల వరసలో ఉండే అమ్మాయి ఎదురొచ్చి చెప్పింది. దేవుడికని కొన్న పూలు ఆయనకే వేశాము.

ఫాక్‌లాండ్ రోడ్ మీదుగా నడిచే మీలో కొందరు భజనలో ఆయన గొంతు వినే ఉంటారు. పాలమూరు నుంచి వచ్చి, కట్టడం పనుల్లో ఇసుక జల్లెడ పట్టి బతికిన మనిషి. మెడలో తులసిమాల. ఆ మాల వేసుకున్నవారు మాంసం ముట్టరు, ప్రాణిని చంపరు. నేను పప్పు కడుగుతుంటే గుమ్మం దగ్గర ఆగి, "పిసకకు చెల్లే, నీళ్లనే పని చెయ్యనియ్యి" అనేవాడు. ఇప్పటికీ ఆ మాట గుర్తొచ్చి నా చేయి నెమ్మదిస్తుంది.

జల్లెడ పట్టే ఆ నేర్పు చూసే ఎవరో ఆయనను సర్వే పడవలో నౌకరికి పెట్టించారు. సముద్రంలో చమురు కోసం ఇనుప స్తంభాలు దిగగొట్టే ముందు, ఆ చోట అడుగున ఏ జీవాలున్నాయో చూసే పడవ అది. ఇనుప దోసిలి లాంటిది అడుగు నుంచి బురద తెచ్చేది. ఈయన దాన్ని జల్లెడలో పోసి కడగాలి. మిగిలిన పురుగులను, బియ్యపు గింజంత గవ్వలను మందునీళ్ల సీసాలో వేయాలి. అందులో పడ్డవి చనిపోతాయి. అలా అయితేనే ఒడ్డుకు తెచ్చి లెక్కపెట్టగలరట.

మొదటి ప్రయాణం నుంచి వచ్చి ఆయన ఈ సంగతి దాచలేదు. భజనలో అందరికంటే పెద్దదైన అవ్వ, "మెడల తులసి, చేతుల సావు. మంచిగున్నది బిడ్డా నీ భక్తి" అన్నది. ఆయన మాల తీసి తన ఇంట్లో దేవుడి పటానికి వేసి, ఆనాటి నుంచి భజనకు గడప బయట కూర్చున్నాడు. తాళాలు మాత్రం వదల్లేదు.

నౌకరి ఎందుకు మానలేదని ఒకరోజు నల్లా దగ్గర అడిగాను. వీటిని చంపక తప్పదా అని పడవ మీద ఆ జీవాలను పరీక్షించే మేడమ్‌ను తానూ అడిగాడట. ఆమె చెప్పినదాన్ని తన మాటల్లో నాకు చెప్పాడు.

"రేపు ఆ ఖంబాలు దిగినంక, అక్కడ మొదలే ఏం లేకుండె అని ఎవరన్న అంటే? ఉండె అని చెప్పనీకె గీ కొన్ని కావాలె చెల్లే. పాపమని నాకు తెలుసు. నారాయణా అనుకుంటనే మూత పెడ్త."

స్తంభాల పని సాగుతుండగా ఆయన పడవ మళ్లీ అక్కడికి వెళ్లింది. దూరాన పడే సమ్మెట దెబ్బకు పడవ చెక్క అరికాళ్ల కింద వణికేదట. ఆసారి ఎంత బురద కడిగినా జల్లెడలో దాదాపు ఏమీ మిగల్లేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాడని ఆయన భార్య, మా వదిన, చెప్పింది. వానలు వెలిశాక మళ్లీ చూస్తామని, జీవాలు తిరిగి రావచ్చని మేడమ్ అన్నదట. ఆ మాటే పట్టుకుని ఉన్నాడు. నేను అడగకుండానే, "వస్తయి చెల్లే, జెర టైమ్ వడ్తది" అనేవాడు. మూడోసారి పడవ ఎక్కకముందే పోయాడు. అవి వచ్చాయో లేదో ఆయనకు తెలియలేదు.

మాల వేసుకున్నవారిని మాలతోనే సాగనంపడం మావాళ్ల ఆచారం. మరి తీసేసిన వాడికి? వదిన పటం మీది మాల తెచ్చి, ఆయన పక్కన కూర్చుని అవ్వ వైపు చూసింది. అవ్వ తల దించుకుంది.  నేను లేచి వెళ్లి ఆయన తల కొంచెం ఎత్తి పట్టుకున్నాను. వదిన మాల వేసింది.

అస్థికలు కలపడానికి చౌపాటీ వెళ్లాము. సముద్రం వెనక్కి తగ్గి ఉంది. అల పోయిన చోటల్లా తడి ఇసుకలో సూది బెజ్జాలంత రంధ్రాలు తెరుచుకుని, లోపల ఏదో ఊపిరి విడిచినట్టు చిన్న బుడగలు పైకి వచ్చాయి. వదిన కుండ పట్టుకుని నీళ్లలోకి నడిచింది. వెనకాల అవ్వ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, ఒక కాలు లేపి, ఆ బుడగల నడుమ దాన్ని ఎక్కడ మోపాలో తెలియక అలాగే నిలబడిపోయింది.