నాయన చెప్పని నొప్పి

లివర్‌లో గడ్డ ఉందని తెలిసిన రోజు మా నాయన మొదట అడిగింది, అది ఎంత లోతులో ఉందని. ఊరిగాం బంగారు గనిలో, సర్కారు నడిపిన రోజుల్లో చేరి మూసేదాకా, బండకు మందు దట్టించి పేల్చిన మనిషి ఆయన. బెంగళూరు డాక్టరమ్మ మన తెలుగులోనే చెప్పింది. తొడ మొదట్లో రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం మోసే నాళం దాకా వెళ్లి, కేన్సర్ మందు అక్కడే వదిలి, దారి మూసేస్తారట.

"ఓస్, మేం చేసిన పనే," అన్నాడు నాయన. "బండ యాడుండాదో ఆడికే పోయి మందు పెట్టేది. కొండంతా పేలిస్తే ఎవురికి లాభం?"

ఆమె నవ్వి ఒక్క షరతు పెట్టింది. పూర్తి మత్తు ఇవ్వరు. నొప్పి రాగానే చెప్పాలి, నొప్పి తగ్గడానికి సూది వేసి మందు నెమ్మదిగా వదులుతుంది. చెప్పకుండా బిగబట్టి ఒక్కసారిగా కదిలితే మందు గడ్డను వదిలి పక్కకు పోతుంది. నా భయం అదే. గనిలో ఎవరైనా నొప్పి అంటే జతగాడు కూడా తోడుగా పైకి రావాలి, ఇద్దరి షిఫ్టూ పోతుంది. అందుకే ఎవరడిగినా బాగుండాది అనడం వాళ్ల అలవాటు. మా నాయన పన్ను పీకించుకుంటూ కూడా అదే అన్నాడు.

ఆ రోజు నేను అద్దం ఇవతల, మైకు పక్కన కూర్చున్నాను. మందు వదలడం మొదలైంది.

"ఎట్లా ఉంది పెద్దాయనా?"

"బాగుండాదమ్మా. మీ గొట్టం లిఫ్టులో పోతా ఉండాదా, మెట్లెక్కి పోతా ఉండాదా?"

లోపల అందరూ నవ్వారు. మళ్లీ అడిగితే మరో పరాచికం. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్లు సలిపేకొద్దీ మా నాయనకు పరాచికాలు ఎక్కువవుతాయి. మూడోదానికి ఆగలేక మైకు నొక్కాను.

"డాక్టరమ్మా, ఆయనకు నొప్పిగా ఉంది, ఆపండి. నాయనా, ఈడ నీకు జతగాడు ఎవురూ లేరు. ఎవురి షిఫ్టూ పోదు. చెప్పు."

నాయన కళ్లు అద్దం వైపు తిప్పాడు.

"నొప్పి ఉండాదమ్మా," అన్నాడు. "శానా ఉండాది."

నేను పుట్టాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. డాక్టరమ్మ మందు ఆపి, సూది వేసి, కాసేపాగి మిగతాది కొద్దికొద్దిగా వదిలింది. మందంతా గడ్డలోనే పడిందని ఆమె చెప్పగానే మైకు ఆపకుండానే ఏడ్చేశాను. అది లోపల అందరికీ వినబడింది.

రెండు రోజులకు రైల్లో ఇంటికి బయల్దేరాం. మాలూరు దాటాక, అడక్కుండానే అన్నాడు.

"ఈ ఎడమ భుజం ఉండాదే, నువ్వు మీయమ్మ కడుపులో ఉన్నప్పట్నుంచీ నొప్పే."

టేకల్ దగ్గర మోకాలు మొదలుపెట్టాడు. బంగారపేటలో బండి ఆగిన సేపంతా నడుము గురించే. మేం దిగాల్సిన ఊరిగాం వచ్చేసింది, పేలుళ్లకు దెబ్బతిన్న చెవుల దాకా ఆయన ఇంకా రాలేదు. దిగుదామని నేను అనలేదు. రైలు చివరి స్టేషన్ మారికుప్పం దాకా పోయి, ఆటోలో వెనక్కి వచ్చాం.