బావ లారీ పంపు

అరవైల చివర్లో పలాస నుంచి టెక్కలి వెళ్ళే బస్సులో ఒక లారీ మెకానిక్ నా పక్కన కూర్చున్నాడు. జీడిపప్పు లోడుతో తన లారీ కొండదారి ఎక్కలేకపోతోందని అతని బావ బతిమాలితే, ఇంజనుకు డీజిల్ ఎక్కువ అందేలా పంపు స్క్రూ తిప్పాడట.

"ఏనుగులాగ లాగింది బాబూ. బావ నన్ను ఎత్తుకుని తిప్పీసినాడు," అన్నాడు.

తర్వాతి ట్రిప్పులో, ఎక్కువ డీజిల్ మండిన వేడికి పిస్టన్ కరిగి, ఎక్కుడులోనే ఇంజను పట్టేసి ఆగిపోయింది. లారీ వెనక్కి జారి లోయలో పడింది. బావ బతకలేదు.

"పంపు నాను తిప్పినట్టు మా అప్పకి తెల్దు. ఇయాల సెప్పేత్తాను."

నందిగాంలో అతను దిగగానే ఆ అప్ప, అతని అక్క, బస్సు దగ్గరికే ఎదురొచ్చింది. "ఒచ్చీసినావా తమ్ముడా! మీ బావ పోయాక నువ్వేరా నాకు దిక్కు," అంటూ, గ్రీజు అంటిన అతని చేతుల్ని కొంగుతో తుడవబోయింది.

అతను చేతులు వెనక్కి లాక్కున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. అతను చేతులు వెనకే దాచుకుని ఆమె వెంట నడుస్తున్నాడు.